వెన్ను చూపినవాడి తరఫున

లోకంలో ఇంతవరకూ పుట్టిన బాక్సర్లందరిలోకీ గొప్పవాడెవడో తనకు తెలుసని ఎవడైనా అంటే నేను నమ్మను. ముందు వాడిది ఏ ఊరో అడుగుతాను. తర్వాత ఎవరి పక్షమో అడుగుతాను. ఆ రెండూ తెలిశాక మూడో ప్రశ్నతో పనిలేదు.

తిరుత్తణిలో సోమవారం పొద్దున బయలుదేరే ఎలక్ట్రిక్ రైల్లో ఈ వాదం రెండు నెలలు నడిచింది. సోమవారం నేను ఆ రైలు తప్పను. తిరువళ్ళూరు కలెక్టరాఫీసులో జనం మనువులు, అంటే అర్జీలు, ఇచ్చుకునే రోజు అది. గేటు బయట ఒడిలో అట్ట పెట్టుకొని వాళ్ళ అర్జీలు రాసిపెట్టడం నా బతుకు. అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. శెనక్కాయల పొట్లాల కాగితాలు చదివి తమిళం, మా నాయన పాత పంచాంగాలు చదివి తెలుగు నేర్చుకున్నాను. నలభై ఏళ్ళుగా పక్కవాడి అన్యాయాలు రాసీ రాసీ, ఎదుటివాడు నోరు తెరవగానే వీడు దాస్తున్నదేమిటా అని వెతకడం అలవాటైపోయింది. అలవాటు అంటున్నాను గానీ గర్వంగానే చెబుతున్నాను. కనీసం మొన్నటి దాకా గర్వంగానే చెప్పుకున్నాను.

వాదం మొదలుపెట్టింది కోచ్. నలభై ఏళ్ళవాడు, పగలంతా ఫ్యాక్టరీలో పని, సాయంత్రం తిరువళ్ళూరులో ఒక రేకుల షెడ్డులో పిల్లలకు బాక్సింగు నేర్పుతాడు. షెడ్డుకు కొత్తగా సున్నం కొట్టించాడట. ఎదురుగోడ మీద ఒకే ఒక బొమ్మ వేయించాలట, అందరికన్నా గొప్ప బాక్సరుది.

"పిల్లకాయలు ఫోన్లు చూసి ముగ్గురి పేర్లు చెప్తా ఉండారు మామా," అన్నాడు. "ఒగడు బతుకులో ఒక్క ఆట గూడా ఓడలేదంట. ఇంకొగడు అందరికన్నా జాస్తి మందిని పడగొట్టినాడంట. మూడోవాడు ఓడి, మళ్ళా వచ్చి గెలిచినాడంట. నువ్వు చెప్పు, ఎవుడు గొప్ప?"

"ఓడనోడంటే, ఎవురితో ఆడనోడో గూడా చూడాల," అన్నాను. "పడగొట్టినోడంటే, పడినోళ్ళకు ముందురోజు తిండి పెట్టినారా లేదా చూడాల. ఆ మూడోవాడు ఓడినప్పుడు మార్కులేసింది ఎవురు, గెలిచినప్పుడు ఏసింది ఎవురు?"

అరక్కోణంలో పూలబుట్టతో ఎక్కే ఆమె నవ్వింది. "ఈ పెద్దాయన పెండ్లికి పోతే గూడా పెండ్లికొడుకు అసలోడేనా అని చూసొస్తాడు."

"చూడాల్సిందే అమ్మా. మార్చినోళ్ళు ఉండారు."

నాలుగు వారాలు ఇట్లాగే. కోచ్ ఫోనులో పాత ఆటలు చూపిస్తాడు, నేను ఆ బొమ్మల్లో ఎక్కడ కత్తిరించారో వెతుకుతాను. అయిదో వారం వాడికి విసుగొచ్చింది. "మామా, పరదేశపోళ్ళను వదిలిపెట్టు. మన జిల్లాలో ఎవుడైనా ఉంటే చెప్పు, వాడి బొమ్మే ఏయిస్తా."

"మా బావ," అన్నాను.

కోచ్ ముఖం మారింది. వాడి తండ్రి కూడా ఆ రోజుల్లో ఆటలు చూడడానికి మద్రాసు పోయేవాడు. "మీ బావంటే... ఆ వెన్ను చూపినాయనా?"

ఆ మాట యాభై ఏళ్ళుగా నా చెవిలో ఉంది. అక్క పెళ్ళయిన మూడో నెలలో పుట్టిన మాట. హార్బరు పక్కన తడికెలు కట్టి, టిక్కెట్లు అమ్మి, బాక్సింగుకు తమిళంలో కుత్తుసండ అని గోడలకు కాగితాలు అంటించి ఆడించేవాళ్ళు. ఆ సాయంత్రం మూడు రౌండ్ల ఆట. మా బావ మొదటి రెండు రౌండ్లూ హార్బరు కుర్రవాణ్ణి తాళ్ళకు ఆనించి కొట్టాడు. మూడో రౌండులో ఉన్నట్టుండి రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకొని వెనక్కి తిరిగిపోయాడు. ఆటలో వెనక్కి తిరిగాడంటే ఓడినట్టే, ఇక దాంట్లో మాటలేదు. రెఫరీ హార్బరువాడి చెయ్యెత్తాడు. జనం శెనక్కాయ పొట్టు విసిరారు. ఆనాటినుంచి మా బావ రింగెక్కలేదు. అత్తిమంజేరిపేటలో చెరకు వేసుకొని బతికాడు. బజారుకు వస్తే ఎవడో ఒకడు, "ఏమప్పా, ఈపు బాగుండాదా?" అని పలకరించేవాడు.

"వెన్ను చూపలేదు," అన్నాను. "మోసం చేసినారు. ఆ పొద్దు మా బావ మూలలో బకెట్టు, తువ్వాలు పట్టుకోనింది నేనే. రెండో రౌండు జరగతా ఉంటే హార్బరోళ్ళ మనిషి ఒగడు మా బకెట్టు మీద వంగినాడు. నా కండ్లారా చూసినా. ఆ నీళ్ళతోనే బావ ముఖం తుడిచినా. దాంట్లో కారమో, ఏం పాడో కలిపినారు. కండ్లు మండినాయని బావ అరిచింది నాకు ఇంకా యినపడతా ఉండాది."

"మీ బావతో ఆడిన హార్బరాయన బతికే ఉండాడు మామా," అన్నాడు కోచ్. " పొన్నేరిలో కూతురింట్లో. పోయి అడుగు. మోసం జరిగిందని ఆయన నోట వస్తే మీ బావ బొమ్మ ఏయిస్తా, కింద జరిగింది గూడా రాయిస్తా. రాలేదంటే, గెలిచినోడు ఆయనే గదా? ఆయన బొమ్మ ఏయిస్తా."

మా బావకు డెబ్భై ఎనిమిది. ఆ పేరు చెరిగితే ఆయన ఉండగానే చెరగాలి. మర్నాడే తిరువళ్ళూరులో పొన్నేరి బస్సెక్కాను. దారి పొడవునా అడగాల్సిన ప్రశ్నలు వరసగా పెట్టుకున్నాను. వాడు ఏ ప్రశ్నకు ఏ అబద్ధం చెబుతాడో కూడా ఊహించుకున్నాను.

హార్బరాయన వీధిలో పరదా పరిచి ఆరబోసిన వడ్లను కాలితో కలియబెడుతున్నాడు. ఒంగిపోయిన మనిషి. నేనెవరో చెప్పాను. ఆయన కాలు ఆగింది.

"గుండాయన బామ్మర్దివా!" అన్నాడు. వాళ్ళదీ తెలుగే, మద్రాసు తెలుగు. "కూచో. మీ బావ ఉన్నాడా?"

"ఉండాడు. మీరు చేసిన పనికి తల దించుకోని ఉండాడు."

"మేమేం చేసినాం?"

నేను కూచోకుండా నిలబడే చెప్పాను, బకెట్టు సంగతి, వంగిన మనిషి సంగతి. ఆయన అంతా విని పక్కకు ఉమ్మేశాడు.

"వంగింది మా చిన్నాయన. మా మూలలో నీళ్ళు అయిపోయినాయి. మీ బకెట్లో ఒక చెంబు ముంచుకొని తాగినాడు. కారం కలిపినోడు ఆ నీళ్ళే తాగుతాడా? మరి నువ్వు తాగలేదా?"

"నేనా?"

"ఆట అయిపోయినాక. మీ బావను కూచోబెట్టి, ఆ బకెట్టెత్తి గటగటా తాగినావు. ఏడుస్తా తాగినావు. నేను చూస్తానే ఉన్నా."

నా జ్ఞాపకశక్తి మీద నాకెంత పొగరో తెలిసినవాళ్ళకు తెలుసు. ఆ పొగరే ఆ క్షణంలో నన్ను పట్టిచ్చింది. నిజమే, తాగాను. ఇనప బకెట్టు అంచు పళ్ళకు తగిలింది కూడా గుర్తుంది. యాభై ఏళ్ళలో వెయ్యిసార్లు చెప్పిన కథలో ఆ ఒక్కటీ ఎన్నడూ చెప్పలేదు.

"మరి ఎందుకు మండినాయి?" అన్నాను. గొంతు తగ్గలేదు గానీ బలం తగ్గింది.

"నన్నడిగితే? గుండుకి గంధం పూసుకొని రింగెక్కింది మీ బావ. నా గ్లవుసులు రెండూ పచ్చగా అయిపోయినాయి. తుడవమని రెఫరీతో చెప్పినా. ఆయన మీ మూలకి వచ్చినాడు. నువ్వేమో చేతులు జోడించి, సామి గంధం, తుడిస్తే పాపం అంటివి. రెఫరీ గూడా వేలితో తీసి కండ్లకు అద్దుకొని పోయినాడు!"

తిరుత్తణివాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. ఆట కుదిరితే తలనీలాలిస్తానని బావ మొక్కుకున్నాడు. కుదిరింది. మొక్కు ఆలస్యం చేస్తే తప్పని, ఆట రోజు తెల్లారే కొండ మీద గుళ్ళో గుండు చేయించుకొని, గంధం పూసుకొని, రైలెక్కాడు. కత్తి గాట్లు మండుతున్నాయంటే, చల్లగా ఉంటుందని దారిలో నేనే ఇంకో పూత పూశాను. ఆ పూతలో పచ్చకర్పూరం కలిపాను. కాస్త ఎక్కువే కలిపాను. రెండో రౌండు కాగానే తడి తువ్వాలుతో తుడిచింది ముఖం ఒక్కటే కాదు. నడినెత్తి నుంచి కిందికి తుడిచాను. తుడిస్తే పాపమని రెఫరీకి చెప్పినవాణ్ణే, చెమట కారుతుంటే ఆగలేకపోయాను.

అయినా ఒప్పుకోలేదు. గోడ మీద తన బొమ్మ కోసం ఈ ముసలాయన కథ అల్లుతున్నాడేమో అనుకున్నాను. బయలుదేరదామని చెప్పులు వేసుకుంటుంటే ఆయనే అన్నాడు.

"నాకు ఆ గెలుపు గెలుపుగా తోచలేదయ్యా. రెండు రౌండ్లు నన్ను ఉతికినాడు. మళ్ళీ ఆడదాం రమ్మని రెండు కార్డులు రాసినా. దొంగలతో రింగెక్కను అని జవాబొచ్చింది. గుండ్రంగా, అందంగా ఉండింది రాత." నా జేబులో పెన్ను వైపు చూశాడు. "ఎవురు రాసినారది?"

"తెలీదు," అన్నాను.

అబద్ధం. ఇంట్లో చదవడం, రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అత్తిమంజేరిపేటకు వచ్చే ఉత్తరాలన్నీ బావ నాకే పంపేవాడు. చదివి, ఏముందో చెప్పి, జవాబు రాసేవాణ్ణి. ఆ రెండు కార్డుల్లో ఏముందో మాత్రం చెప్పలేదు. దొంగల కార్డు బావకు ఎందుకు వినిపించాలని నేనే తీర్పు చెప్పి, నేనే జవాబు రాసి, టపాలో వేశాను.

మరుసటి రోజు కర్పూరం సంగతి తేల్చుకుందామనుకున్నాను. ఎవరి మాటా నమ్మనివాడు తన మాట మాత్రం ఎందుకు నమ్మాలి? నాకిప్పుడు గుండు చేయించుకోవాల్సిన పనిలేదు, దేవుడే చేశాడు. గంధం అరగదీసి, ఆనాడు కలిపినట్టే కర్పూరం కలిపి, నెత్తికి పట్టించుకొని పదకొండు గంటల ఎండలో కొండమెట్లు ఎక్కాను. దిగివచ్చేవాళ్ళు మొక్కున్న భక్తుడని నాకు దారి ఇచ్చారు. సగం మెట్లు దాటేసరికి చెమట పట్టింది. జేబుగుడ్డ తడిపి నెత్తి నుంచి కిందికి ఒక్కసారి తుడుచుకున్నాను.

రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకొని గోడ వైపు తిరిగిపోయాను. ఎవరో తల్లి, "అయ్యో తాతా, కళ్ళు తిరగతా ఉండాదా?" అని తమిళంలో అడుగుతూ నీళ్ళు పోసింది.

ఆ సాయంత్రమే అత్తిమంజేరిపేట పోయాను. అక్క లోపల చారు పెడుతోంది. బావ పంచన కూర్చొని పారకు కొత్త కామ దిగ్గొడుతున్నాడు. దాచకుండా చెప్పాను. బకెట్లో ఏమీ లేదు, గంధంలో కర్పూరం కలిపింది నేను, నీ కళ్ళల్లోకి తుడిచింది నేను.

"ఓహో," అన్నాడు. సుత్తి ఆపలేదు. "అదా. పోనీలేరా. చిన్నోడివి అప్పుడు."

అక్కడితో ఆపి ఉంటే నన్ను క్షమించేవాడే. కానీ కార్డుల సంగతి చెప్పకుండా లేవలేకపోయాను. చెప్పాను.

సుత్తి ఆగింది.

"మళ్ళా ఆడేదానికి పిలిచినాడా?"

"పిలిచినాడు బావా."

"వాడేనా? వాడంతట వాడేనా?"

"వాడే."

"రెండు తూర్లా?"

"రెండు తూర్లు."

"ఏమని రాసినాడు?"

నాకు అక్షరం మరిచిపోలేదు. అది తమిళంలో ఉంది. చెప్పాను: మొదటి రెండు రౌండ్లు నువ్వు ఎట్లా కొట్టావో నాకు తెలుసు, మూడోది మనిద్దరిదీ కాదు, వచ్చి ఇంకోసారి కొట్టు చూద్దాం.

"మళ్ళా చెప్పు."

చెప్పాను. బావ పెదవులు కదిలాయి. నాతోపాటు లోపల చెప్పుకుంటున్నాడని తెలిసింది. మూడోసారి కూడా చెప్పించుకున్నాడు. అక్క గరిటె పట్టుకొని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఈపు చూపినోణ్ణి రెండు తూర్లు పిలస్తాడా ఎవుడైనా?" అన్నాడు బావ. నన్ను అడగలేదు, అక్కను అడిగాడు. "పిలవడు గదా? ఊరంతా అన్నారు. నా కొడుకు బళ్ళో కొట్లాడి వచ్చినాడు ఈ మాటకి. నాతో ఆడినోడు మాత్రం అనలేదు. నాకే తెలీలేదు. ఎట్ల తెలస్తాది? సదివేది వీడు గదా."

అప్పుడు నా వైపు తిరిగాడు. ఆయన కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నాకు అప్పుడు ఇరవై ఎనిమిది రా," అన్నాడు. "ఇంకా రెండేండ్లు ఆడుందును."

అక్క, "తిని పో," అంది. బావ తినమనలేదు. తినకుండా వచ్చేశాను.

సోమవారం రైల్లో కోచ్‌కు అన్నీ చెప్పాను, అందరూ వింటుండగానే. నలభై ఏళ్ళుగా అర్జీలు రాయించుకునేవాళ్ళ దగ్గర, నువ్వు చూసిందేది, నువ్వు అనుకున్నదేది అని విడదీసి అడిగినవాణ్ణి, నా సంగతి వచ్చేసరికి ఒకడు వంగడం చూసి మిగతాదంతా అనుకున్నాను. అది చెప్పడానికి అరక్కోణం నుంచి కడంబత్తూరు దాకా పట్టింది.

పూలామె బుట్ట మీద తడిగుడ్డ సర్దుతూ అడిగింది. "అయితే పెద్దాయనా, కర్పూరం ఎయ్యకుంటే మీ బావ గెలిచుండునా?"

"తెలీదమ్మా," అన్నాను.

"ఈయన తెలీదనేది ఇదే మొదలు," అందామె కోచ్‌తో. వాడు నవ్వలేదు. "అయితే మామా, చెప్పినట్టే పొన్నేరాయన బొమ్మ ఏయిస్తా," అన్నాడు. సరేనన్నాను.

గోడ మీద బొమ్మ ఇప్పటికీ పడలేదు. కోచ్ ఫోటో కోసం పొన్నేరి పోతే అక్కడ వీధిలో వడ్ల పక్కన ఇంకో ముసలాయన కూర్చొని ఉన్నాడట, మా బావ. నాకు చెప్పలేదు, ఎవరినీ తోడడగలేదు, మూడు బస్సులు మారి వెళ్ళాడు. పొన్నేరాయన తన బొమ్మ వద్దన్నాడట. మూడో రౌండు ఆటే కాదు, రెండు రౌండ్లలో గెలిచింది ఇతడు, ఇతడి బొమ్మే వెయ్యి అన్నాడట. బావ ఒప్పుకోలేదట. "చెయ్యెత్తింది నీది. తిరిగినోణ్ణి తిరిగినోడనే అంటారు. నీదే ఎయ్యాల." దానికి ఆయన, "మరి నా పక్కటెముక విరిగింది ఎవుడు కొడితే?" కోచ్ ఇద్దరి మధ్యా గంటసేపు నిలబడి, ఫోటో లేకుండానే తిరిగి వచ్చాడు. షెడ్డులో ఆ గోడ తెల్లగానే ఉంది. పిల్లలు మాత్రం ఫోనుల్లోని ముగ్గురి కోసం దాని కింద కూర్చొని కొట్లాడుకుంటూనే ఉన్నారట.

ఇప్పుడు బావ, పొన్నేరాయన రోజూ సాయంత్రం ఫోనులో మాట్లాడుకుంటారు. అక్క చెప్పింది. బావ ఫోను చెవికి ఆనించుకొని, ఎడమ చెయ్యి ముందుకు పెట్టి, పంచలో అటూ ఇటూ అడుగులు వేస్తాడట. నేను పోతే మాత్రం ఫోను పెట్టేసి చేనికి వెళ్ళిపోతాడు. నాతో ఇంకా మాట్లాడలేదు.

"ఏమంటా ఉంటారు నా గురించి?" అని అక్కను అడిగాను.

"నీ గురించా?" అంది అక్క. "నీ పేరు ఒక్క తూరి గూడా రాలేదురా."

నేను నమ్మలేదు. మా అక్క అబద్ధం చెప్పే మనిషి కాదు.